ఆకు తిన్నవాళ్లే సాక్షులు

వానాకాలం కుదురుకునేసరికి హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో గోడలు కనపడవు. చెక్‌పోస్టు నుంచి ఫిల్మ్‌నగర్ వైపు మళ్లితే రెండు పక్కలా ఇనుప కంచెలు, కరెంటు స్తంభాలు, ఖాళీ ప్లాట్ల చుట్టూ కట్టిన రాతి గోడలు, గుండ్ల మధ్య మిగిలిపోయిన వేపచెట్లు, అన్నిటి మీదా తీగలు పాకి ఉంటాయి. కారులో పోయేవారికి అదంతా ఒకటే పచ్చదనం. పచ్చగా ఉంటే చాలు, కంటికి చల్లగా ఉంటే చాలు అనుకుని ముందుకు పోతాం. కాని ఆ పచ్చదనంలో వేల ఏళ్లుగా ఈ నేలను నమ్ముకుని, చుట్టూ ఉన్న ప్రాణులకు తిండిపెడుతూ వచ్చిన తీగలున్నాయి. నిన్నమొన్న ఎక్కడినుంచో వచ్చి, గోడ దిగి, చెట్టెక్కి, కింద మరో మొక్కను ఊపిరి తీసుకోనివ్వని తీగలూ ఉన్నాయి. పైచూపుకి రెండూ ఒకలాగే ఉంటాయి. ఏది ఏదో గుర్తుపట్టడం వృక్షశాస్త్రం చదివినవాళ్ల పని అని వదిలేస్తే లాభం లేదు. ఈ ఊళ్లో గజం నేల ఉన్నవారందరికీ, గోడ ఉన్నవారందరికీ అవసరమైన విద్య అది.

ముందు ఈ వీధుల్లో అడుగడుగునా కనిపించే జంటనే చూద్దాం. ఒకటి తిప్పతీగ. రెండోది గులాబీరంగు పూలు గుత్తులుగా పూసే మెక్సికన్ క్రీపర్. దీన్నే కోరల్ వైన్ అని కూడా నర్సరీల్లో అంటారు. శాస్త్రనామం యాంటిగోనాన్ లెప్టోపస్, పుట్టిల్లు మెక్సికో. రెండింటి ఆకూ హృదయాకారమే. పూత లేనప్పుడు ఒకే కంచె మీద రెండూ కలిసి పాకితే రోడ్డు మీద నుంచి వేరు చెయ్యలేం. దగ్గరికి వెళ్లి ఆకు చేతిలోకి తీసుకుంటే మాత్రం తేడా తెలిసిపోతుంది. తిప్పతీగ ఆకు నున్నగా, పల్చగా ఉంటుంది. ఈనెలన్నీ కాడ తగిలే చోటనే పుట్టి నలుదిక్కులా విచ్చుకుంటాయి. కాడ పొడుగ్గా, మొదట్లో కాస్త ఉబ్బి, మెలితిరిగి ఉంటుంది. మెక్సికన్ క్రీపర్ ఆకు గరుకుగా ఉంటుంది. ఈనెలు లోపలికి దిగిపోయి వాటి మధ్య ఆకు ఉబ్బుతుంది, అంచులు ముడతలు పడతాయి. పూలగుత్తి కొస నులితీగగా మారి, దొరికినదాన్ని చుట్టుకుంటుంది. తిప్పతీగకు నులితీగలే లేవు, కాండమే మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. ముదిరిన కాండం మీద కాగితంలాంటి పొర లేచి ఉంటుంది, దాన్ని గోటితో గీరితే కింద పచ్చటి చర్మం. పైకొమ్మల నుంచి సన్నటి వేర్లు దారాల్లా కిందికి దిగుతాయి, గాలికి ఊగుతూ నేలను వెతుక్కుంటాయి. కాయ పండితే ఎర్రటి చిన్న గుత్తులు, వాటి కోసం పిగిలిపిట్టలు వస్తాయి.

ఫిల్మ్‌నగర్ గుట్ట దిగువన ఒక ఇంటి గోడ శుభ్రం చేస్తున్న ముసలాయన్ని చూశాను. పాలమూరు మనిషి. కొడవలితో తీగల్ని లాగి కుప్పవేస్తూ ఒకదాన్ని మాత్రం తప్పించి పక్కన పెడుతున్నాడు.

“అదొక్కటి ఎందుకు వదిలేశావు తాతా?” అని అడిగాను.

“గిది తిప్పతీగ సారూ. సూడు, దారాలు యాలాడ్తున్నయి గద. కోసి గోడ మీద పెట్టినా సావదు, మల్ల సిగురు ఏస్తది.”

“మరి ఆ గులాబీ పూలది?”

“గది సూస్తందుకు మంచిగుంటది. గని దాని గడ్డ భూమిల ఉంటది. పైకెల్లి ఎంత కోసినా ఏం గాదు. వానవడితే మల్ల లేస్తది.”

ఇంటివాళ్లు మాత్రం పూలతీగ ఉంచి తక్కినవన్నీ తీసేయమన్నారట. ఆయన చెప్పిన రెండు ముక్కల్లోనే అసలు సంగతంతా ఉంది. తిప్పతీగ కాండంలో దాచుకుంటుంది, మెక్సికన్ క్రీపర్ భూమిలో గడ్డల్లో దాచుకుంటుంది. కోసిన కాండాన్ని తీసేస్తే మొదటిదాన్ని కొడవలి అదుపు చేయగలదు, రెండోదాన్ని చేయలేదు. పైగా దాని గింజలు నీటి మీద తేలతాయి. రోడ్ నంబర్ ఏదైనా జూబ్లీహిల్స్‌లో వాననీరు వాలుకే పోతుంది. గుట్ట మీద ఒక గేటు పైన సోకుకు పెంచిన తీగ గింజలు, కింద బస్తీ పక్క నాలా ఒడ్డుకు చేరడానికి ఒక్క పెద్ద వాన చాలు.

గుర్తుపట్టడంలో పొరపాటు మనిషి ఒంటి మీదికి రాగల సందర్భం కూడా చూశాం. కరోనా రోజుల్లో తిప్పతీగకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. గోడల మీదివి, పార్కుల పక్కనున్నవి తెంపుకొచ్చి కషాయాలు కాచారు. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్న సంగతి వైద్య పత్రికలో రాశారు. అప్పుడు ఆయుష్ మంత్రిత్వ శాఖ, తిప్పతీగను పోలిన టైనోస్పోరా క్రిస్పా అనే మరో తీగతో పొరబడే ప్రమాదం ఉందని చెప్పి, రెండింటి గుర్తులూ ప్రకటించింది. క్రిస్పా కాండం నిండా బుడిపెలుంటాయి, తుంచితే పాలు కారతాయి, కాయ నారింజరంగులో కోలగా ఉంటుంది. తిప్పతీగకు పాలు రావు, కాయ ఎర్రగా గుండ్రంగా ఉంటుంది. కథ అక్కడితో ముగియలేదు. 2022లో దేశంలోని 13 ఆసుపత్రుల వైద్యులు కలిసి ఇలాంటి 43 మంది రోగుల వివరాలు ప్రచురించారు. అసలైన తిప్పతీగ వాడినా కొందరిలో కాలేయానికి చేటు జరిగిందని తేల్చారు. కాబట్టి తీగను సరిగ్గా గుర్తుపట్టినంత మాత్రాన దాన్ని కాచుకుని తాగమని అర్థం కాదు. మొక్కను తెలుసుకోవడం వేరు, మందు తెలుసుకోవడం వేరు.

ఆకు, కాడ, పాలు, కాయ, ఇవన్నీ తీగ ఏదో చెప్పే గుర్తులు. తీగ ఇక్కడిదా, పరాయిదా, వచ్చి ఏం చేస్తోంది అన్న ప్రశ్నలకు ఆ గుర్తులు చాలవు. దానికి వేరే సాక్షులను పిలవాలి. తిప్పతీగ ఆకుల్లో చాలావాటికి చిల్లులుంటాయి. ఆకును వెనక్కి తిప్పితే ఒక్కోసారి వేలెడంత గొంగళిపురుగు కనిపిస్తుంది. నల్లటి మఖ్మల్ లాంటి ఒళ్లు, పక్కన తెల్లటి అంచు కట్టిన రెండు పెద్ద కళ్లు. అవి నిజం కళ్లు కావు, ఒంటి మీది మచ్చలు. కాస్త కదిపితే తల కిందికి ముడుచుకుని, వెనకభాగం పైకెత్తి, ఆ దొంగకళ్లు మన వైపు తిప్పుతుంది. ఏ పిట్టయినా ఒక్క క్షణం తటపటాయిస్తుంది. అది యుడోసిమా జాతి చిమ్మట పిల్ల. తిప్పతీగ, దూసరతీగ, వాటి కుటుంబం ఆకుల మీదే పెరుగుతుంది. పెద్దదైతే ముందురెక్కలు ఎండుటాకు రంగులో, వెనకరెక్కలు మిరుమిట్లు గొలిపే పసుపు నారింజరంగులో ఉంటాయి.

ఈ చిమ్మట అందరికీ చుట్టమేమీ కాదు. నల్లగొండ బత్తాయి రైతుకు దీనంటే ఒళ్లు మంట. పెద్ద పురుగు రాత్రివేళ తోటలోకి వచ్చి, గట్టి తొండంతో కాయకు తూటు పొడిచి రసం పీలుస్తుంది. కాయ అక్కడ కుళ్లి రాలిపోతుంది. అందుకే తోట చుట్టుపక్కల తిప్పతీగ, దూసరతీగ లేకుండా చూసుకోమని ఉద్యానశాఖ వాళ్లు రైతులకు చెబుతారు. ఆ సలహా బత్తాయి తోటకు సరైనదే. బత్తాయి తోట లేని జూబ్లీహిల్స్ గోడకు ఆ భయం లేదు. ఇక్కడి తీగ అంటే అది మనకు మేలే చేయాలని లేదు. అది ఇక్కడి లెక్కల్లో ఉంటుంది, అంతే. దాన్ని తినేదొకటి, తినేదాన్ని తినేదొకటి, దాని పండు మోసుకుపోయేదొకటి. ఆ లెక్కలో మనం కూడా ఒక పద్దు.

ఇక మెక్సికన్ క్రీపర్ ఆకుల్ని తిప్పి చూడండి. చిల్లు పడిన ఆకు కోసం చాలాసేపు వెతకాలి. పూల దగ్గర సందడికి మాత్రం లోటుండదు. తేనెటీగలు ముసిరే ఉంటాయి. అది చూసి, ఇన్ని తేనెటీగలకు తిండిపెడుతోంది కదా, దీన్ని తప్పుపట్టడమేమిటని చాలామంది అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. తేనెటీగకు పువ్వు చాలు. సీతాకోకచిలుకలాంటి పురుగు కూడా తేనె కోసం చాలా రకాల పువ్వుల మీద వాలుతుంది. పిల్లల్ని పెంచుకోవడానికి మాత్రం దానికి కొన్ని రకాల ఆకులే పనికొస్తాయి. ఆ ఆకు దొరకని చోట ఎంత తేనె ఉన్నా వచ్చే ఏడాదికి ఆ పురుగు ఉండదు. కనుక పువ్వు మీద ఎవరు వాలారని కాకుండా, ఆకు మీద ఎవరు పెరిగారని అడగాలి.

ఈ సంగతి బాగా తెలియాలంటే ఈశ్వరి తీగ దగ్గరికి పోవాలి. శాస్త్రనామం అరిస్టలోకియా ఇండికా. దీని పువ్వు చిన్నది, ఊదారంగు మూతి ఉన్న గొట్టం. కాయ ఎండి కింది నుంచి పైకి విచ్చుకుని, దారాలకు కట్టి వేలాడదీసిన చిన్న బుట్టలా తయారవుతుంది. నగరంలో ఇది అరుదైపోయింది. దీని చుట్టం గాడిదగడపర చేల గట్ల మీద నేలబారుగా పాకుతుంది. ఈ కుటుంబం ఆకుల్లో అరిస్టలోకిక్ ఆమ్లమనే విషం ఉంటుంది. మనిషి మూత్రపిండాలను పాడుచేసే విషం అది. కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్ అనే రెండు సీతాకోకచిలుకల పిల్లలకు మాత్రం ఈ ఆకే జీవితం. ఆకుతో పాటు విషాన్నీ ఒంట్లో దాచుకుంటాయి. అందుకే ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్లీ వాటి జోలికి పోదు. నల్లటి రెక్కల మీద ఎర్రటి మచ్చలు, ఎర్రటి ఒళ్లు, తొందర లేని ఎగురుడు. నాకు ఎవరి భయమూ లేదన్నట్టు నిదానంగా పోతుంది.

జూబ్లీహిల్స్ పెరళ్లలో ఇంకో నల్లటి సీతాకోకచిలుక తిరుగుతుంది. కరివేపాకు, నిమ్మచెట్టు ఉన్న ప్రతి ఇంటికీ వస్తుంది. పేరు కామన్ మార్మన్. దీనికి విషం లేదు. అయితే దీని ఆడవాటిలో కొన్ని అచ్చం కామన్ రోజ్ వేషంలో, మరికొన్ని క్రిమ్సన్ రోజ్ వేషంలో పుడతాయి. అదే నలుపు, అవే ఎర్రమచ్చలు, అదే తెల్లపట్టీ. పిట్ట బోల్తా పడుతుంది, మనమూ పడతాం. పట్టుకోవలసింది ఒంటి దగ్గర. రోజ్ ఒళ్లు ఎరుపు, మార్మన్ ఒళ్లు నలుపు. రెక్క ఎంత నేర్చినా ఒంటి రంగు మార్చుకోలేకపోయింది. సినిమావాళ్ల పేటలో ఉన్నవారికి ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు. హీరో చొక్కా తొడిగి, హీరో విగ్గు పెట్టి డూప్ గోడ దూకినప్పుడు ప్రేక్షకుడు ఈల వేస్తాడు. రోజూ షూటింగ్ చూసే లైట్‌బాయ్ మాత్రం నడక చూసి చెప్పేస్తాడు.

ఈ వేషం వెనక ఒక షరతుంది. అసలు రోజ్ చుట్టుపక్కల తగినన్ని ఉన్నంతకాలమే మార్మన్ వేషం పనిచేస్తుంది. ఎర్రమచ్చల నలుపు చేదని పిట్టకు నేర్పేది రోజ్. ఈశ్వరి తీగ పోతే రోజ్ పోతుంది. రోజ్ పోతే పిట్టకు ఆ పాఠం చెప్పేవాళ్లుండరు. అప్పుడు మన కరివేపాకు మీద పుట్టిన వేషధారికి ఆ వేషం అక్కరకు రాదు. ఎవరో కలుపు అనుకుని పీకేసిన ఒక తీగకూ, మన పెరట్లో రెక్కలాడించే ప్రాణానికీ ఇంత దగ్గరి సంబంధం ఉంది.

ఈశ్వరికీ ఒక పోలిక ఉంది. దక్షిణ అమెరికా నుంచి తోటల్లోకి వచ్చిన కాలికో ఫ్లవర్. అరిస్టలోకియా లిట్టొరాలిస్ అని శాస్త్రనామం. గుండ్రటి ఆకు, వంకర గొట్టం, ఊదారంగు మీద తెల్లటి చారికల పెద్ద పువ్వు. చూసినవాళ్లు అబ్బురపడి నర్సరీలో అడిగి తెచ్చుకుంటారు. ఇది ఆస్ట్రేలియాలో ఏం చేసిందో చెప్పుకోవాలి. అక్కడ క్వీన్స్‌లాండ్ ప్రాంతంలో రిచ్‌మండ్ బర్డ్‌వింగ్ అనే పెద్ద సీతాకోకచిలుక ఉంది. దాని పిల్లలు అక్కడి అడవిలోని ఒక అరిస్టలోకియా జాతి తీగ మీద పెరుగుతాయి. తల్లి ముందుకాళ్లతో ఆకును తట్టి రుచి చూసి, తన తీగేనని నమ్మకం కుదిరాక గుడ్డు పెడుతుంది. తోటల నుంచి అడవిలోకి పాకిన కాలికో ఫ్లవర్ కూడా ఆ కాళ్లకు అదే రుచి ఇచ్చింది. తల్లి గుడ్లు పెట్టింది. పిల్లలు పుట్టి, ఆకు తిని చచ్చిపోయాయి. అడవులు నరకడానికి తోడు ఈ మోసం కూడా కలిసి ఆ సీతాకోకచిలుక చాలాచోట్ల కనుమరుగైంది. 1990ల నుంచి అక్కడివాళ్లు, బడిపిల్లలతో సహా, పరాయి తీగను పీకి తమ తీగను నాటుతూ వచ్చారు.

ఈ కథ నన్ను బాగా పట్టుకుంది. కోట్ల ఏళ్ల అనుభవం ఉన్న తల్లి కాళ్లే మోసపోయినప్పుడు మన కళ్లు మోసపోవడంలో వింత లేదు. గుడ్డు ఉంది కదా అని కూడా తీగను నమ్మడానికి లేదన్నమాట. ఆ గుడ్డులోంచి వచ్చిన పురుగు ఆకు తిని, పెరిగి, రెక్కలు కట్టుకుని ఎగిరిపోతేనే ఆ తీగ దానిది. సాక్ష్యం చెప్పవలసింది ఆకు తిని బతికినవాళ్లు.

ఇలా చూడటం అలవాటైతే కొన్ని తొందరపాటు తీర్పులు కూడా వాటంతటవే సర్దుకుంటాయి. పోలిక ఉన్న ప్రతిదీ చొరబాటుదారు కాదు. సుగంధిపాలను పోలిన పాలతీగ మన పొదల్లోనే ఉంది. రెండింటికీ పాలు కారతాయి, ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. సుగంధిపాల ఆకు మధ్యలో చాలాసార్లు తెల్లటి చార ఉంటుంది, వేరు నలిపితే కమ్మటి వాసన వస్తుంది. పాలతీగకు ఆ వాసన లేదు. అయినా రెండూ ఇక్కడివే, కామన్ క్రో అనే సీతాకోకచిలుక పిల్లలు రెండింటినీ తింటాయి. రోడ్డు మధ్య డివైడర్లలో నాటిన గన్నేరు ఆకులు కూడా తింటాయి. గన్నేరు ఆకు వెనక వేలాడే దాని ప్యూపా అద్దంలా మెరుస్తుంది. అలాగే బయటి నుంచి వచ్చిన ప్రతిదీ దండగ కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చి మన కంచెల మీద స్థిరపడిన తెల్లజుమికి, వలలాంటి తొడుగులో చిన్న పండు కాసే ఆ తీగ, ఇప్పుడు టానీ కోస్టర్ అనే నారింజరంగు సీతాకోకచిలుక పిల్లలకు ముఖ్యమైన మేత. అది కూడా హద్దు మీరి పాకుతుంది. కాని ఆకు మీద సాక్షులున్నారు. దాన్ని చూసే చూపు వేరుగా ఉండాలి.

మన తీగలు పరాయి గడ్డ మీద ఏం చేస్తున్నాయో చూస్తే గర్వం కూడా దిగుతుంది. కావ్యాల్లో చోటు సంపాదించిన మాధవీలత మారిషస్, రీయూనియన్ దీవుల్లో అడవిని కప్పేసే చొరబాటు తీగ. మన గురివింద అమెరికాలోని ఫ్లోరిడాలో కలుపు. వారానికి రెండుసార్లు మనింట్లో వేపుడయ్యే దొండ హవాయి, గువాం దీవుల్లో చెట్లను, స్తంభాలను, ఇళ్లను మూసేసింది. హవాయిలో దాన్ని అదుపు చేయడానికి ఆఫ్రికా నుంచి ఒక చిమ్మటను, ముక్కుపురుగులను తెచ్చి వదలవలసి వచ్చింది. ఇక్కడ దొండపాదుకు పెంకుపురుగు, కాయతొలిచే ఈగ, తెగుళ్లు ఉన్నాయి. వాటితో మనం విసిగిపోతాం. ఆ విసుగే దొండను దొండగా ఉంచుతోంది. శత్రువులు లేని చోటికి పోతే అదే తీగ మరో అవతారం ఎత్తుతుంది. గువాంలో మన దొండతో పాటు మెక్సికన్ క్రీపర్ కూడా పెద్ద తలనొప్పే. తప్పు ఏ మొక్క పుట్టుకలోనూ లేదు. కలిసి పెరిగిన బంధువుల్నీ శత్రువుల్నీ వదిలించి, దాన్ని ఒంటరిగా కొత్త నేలలో దింపిన మనిషి చేతిలో ఉంది.

అందుకే ఒక మాట గట్టిగా చెప్పాలి. మొక్కల గురించి వాడే ఈ స్థానిక, పరాయి అనే మాటల్ని మనుషులకు అంటగట్టకూడదు. కొందరు అలా అంటగడతారు కూడా. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లను కట్టిందే బయటి నుంచి వచ్చినవాళ్లు. మద్రాసులో స్థిరపడిన తెలుగు సినిమా ఒక్కో అడుగే ఇటు వేసింది. అక్కినేని నాగేశ్వరరావు 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచినప్పుడు చుట్టూ గుండ్లూ తుప్పలే. తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. కృష్ణా గోదావరి తీరాల నుంచి నటులు, పాలమూరు నుంచి, ఉత్తరాంధ్ర నుంచి, ఒడిశా, బీహార్‌ల నుంచి కూలీలు, కృష్ణానగర్ గదుల్లో వేషాల కోసం ఎదురుచూసే పిల్లలు, వీళ్లందరి చెమటతో ఈ గుట్టలు ఊరయ్యాయి. మనిషి ఎక్కడికి వెళ్లినా అక్కడి భాష నేర్చుకోగలడు, అక్కడి వాళ్లకు అన్నం పెట్టగలడు, తను చేసిన తప్పు తెలుసుకుని వెనక్కి తగ్గగలడు. తీగకు ఆ వీలు లేదు. కాబట్టి తీగ విషయంలో జాగ్రత్త మనం పడాలి.

ఆ జాగ్రత్త ఎంత అవసరమో లెక్కలే చెబుతాయి. ఐపీబీఈఎస్ అనే అంతర్జాతీయ శాస్త్ర వేదిక 2023లో ఒక నివేదిక ఇచ్చింది. మనిషి ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చిన జీవజాతులు 37,000కు పైమాటే. అందులో హాని చేస్తున్నవి 3,500కు పైగా. ఇప్పటికి నమోదైన జాతుల అంతర్ధానంలో 60 శాతం కేసుల్లో ఈ చొరబాటుదార్ల చెయ్యి ఉంది. 37,000లో 3,500 అంటే దాదాపు పదింటిలో ఒకటి. వచ్చిన పదింటిలో తొమ్మిదింటి మీద హాని చేసిన దాఖలా లేదు. ఆ ఒక్కటి ఏదో పట్టుకోవడమే మన పని. జీవవైవిధ్య ఒప్పందం మీద ప్రపంచ దేశాల 11వ సదస్సు 2012 అక్టోబరులో హైదరాబాద్‌లోనే జరిగింది. ఆ సదస్సు జరిగిన మాదాపూర్‌కు ఫిల్మ్‌నగర్ ఎంతో దూరం లేదు. అంత పెద్ద మాటలు విన్న ఊరు, తన గోడ మీది తీగ పేరు తెలియకుండా ఉండకూడదు.

చూసి నేర్చుకోవడానికి మనకు బడి ఉంది. కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం. 1998లో ఆ హోదా వచ్చింది. దాదాపు 390 ఎకరాలు, నడుమ 1967 నాటి చిరాన్ ప్యాలెస్. కేబీఆర్ పార్కని అందరికీ తెలుసు, పొద్దున్నే సగం సినిమా పరిశ్రమ అక్కడే నడుస్తుంది. చుట్టూ అద్దాల మేడలు లేచాక కూడా, దక్కన్ పీఠభూమి పొడి అడవి ఎలా ఉండేదో చూపించడానికి మిగిలిన ముక్క అది. అక్కడా లాంటానా ఉంది, సుబాబుల్ ఉంది. వాటి మధ్యనే గుండ్ల సందుల్లో నాలుగు పలకల కాండంతో నల్లేరు పాకుతుంది. పొదల మీద గురివింద కాయలు పగిలి ఎర్రటి గింజలు కనిపిస్తాయి. తుంచితే పాలు కారే దుష్టపుతీగ మెత్తటి ముళ్ల కాయలతో వేలాడుతుంది. చెవుల్లో పాట కాసేపు ఆపి, నడక వేగం కాస్త తగ్గించి, ఒక్క పొద చూస్తే చాలు. ఒక్క మాట: జాతీయ ఉద్యానంలోంచి ఆకు కూడా తెంపకూడదు, వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. చూపు తెచ్చుకోవచ్చు. ఇంటికి వచ్చి టి. పుల్లయ్యగారి వంటి వృక్షశాస్త్రజ్ఞులు మన ప్రాంతపు మొక్కల మీద రాసిన గ్రంథాలు తిరగెయ్యవచ్చు. ఆకు మీది చిల్లులను మాత్రమే నమ్ముకుంటే ఒక్కోసారి తప్పు జరుగుతుంది. ఏ ఆకునైనా కొరికే పురుగులూ ఉంటాయి. పురుగు చెప్పినదీ పుస్తకం చెప్పినదీ కలిస్తే మాట గట్టిపడుతుంది.

ఈ పేటలో మొక్కలకు డబ్బు లోటు లేదు. కడియం నర్సరీల నుంచి లారీల్లో వస్తాయి, రాత్రికి రాత్రి తోట తయారవుతుంది. షూటింగ్ సెట్టులో ప్లాస్టిక్ తీగ కట్టినా కెమెరా ఒప్పుకుంటుంది, అక్కడ అది చెయ్యవలసిన పనే. మన ఇళ్లు సెట్లు కావు. కాబట్టి చదివినవారికి నా మనవి ఇది. మీ గోడ మీద మెక్సికన్ క్రీపర్ ఉంటే కొయ్యడంతో సరిపెట్టకండి, గడ్డలు తవ్వించండి. తీసినదాన్ని ఖాళీ ప్లాట్‌లోకి, నాలాలోకి విసరకండి, గింజ పట్టకముందే ఎండబెట్టి పారవెయ్యండి. నర్సరీకి వెళితే పువ్వు రంగు అడిగే ముందు అది ఏ దేశానిదో, గింజ ఎలా పడుతుందో అడగండి. కాలికో ఫ్లవర్ తెచ్చుకోవాలనిపిస్తే ఆ చోట ఈశ్వరి వెయ్యండి, పిల్లలు నోట పెట్టకుండా మాత్రం చూసుకోండి. పందిరికి మాధవి, కంచెకు సుగంధిపాల, వేపచెట్టుకు తిప్పతీగ చాలినంత అందం ఇస్తాయి. ఆకులకు చిల్లులు పడితే మందు కొట్టించకండి. మీరు నాటింది ఈ నేల గుర్తుపట్టిందనడానికి అదొక ఆనవాలు. ఇక మీ ఇంట్లో మొక్కలు చూసే మనిషి ఏ తీగనైనా పక్కకు తీసి ఉంచితే, ఎందుకని అడిగి, ఆయన మాట వినండి.